అగ్నిపర్వతం పుస్తకంలో ఏడో పేజీ

నవంబర్ 14, శుక్రవారం

నా పుస్తకం మీద ఫణిభూషణ్ సార్ తన పేరు వేసుకున్నాడు.

అట్ట మీద పెద్దక్షరాలు: "భూమి కడుపులో మంట. నాలుగో తరగతి పిల్లలకు అగ్నిపర్వతాల కథ." కింద "రచన: ఫణిభూషణ్, ఎం.ఎస్సీ., బి.ఇడి." ఇరవై నాలుగు పేజీలు. ఇరవై నాలుగూ నేను రాసినవే. లోపల కృతజ్ఞతలు ఉన్నాయి. కరస్పాండెంట్‌కు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు, బొమ్మలు వేసిన డ్రాయింగ్ సార్‌కు, ప్రెస్సు వాళ్లకు, చివర "మరియు ల్యాబ్ సిబ్బందికి". సిబ్బంది అంటే నేనే. ఈ స్కూల్లో ల్యాబ్‌కు ఇంకో మనిషి లేడు.

బాలల దినోత్సవమని స్టేజీ మీద విడుదల చేశారు. నేను మైకు వైరు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. ఆ చేతులు నరుక్కోవాలి.

జులైలో సార్ ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబు పని ఉందని ప్రతి బుధవారం ఆఖరి పీరియడ్ నా మీద పడేసి పోయేవాడు. "నాలుగు బీ పిల్లలు అల్లరి చేయకుండా చూడు దేవేందర్." ముప్పై ఆరుమంది. అరిస్తే ఆగరు. ఒకరోజు సోడా సీసా బాగా ఊపి మూత తీశాను. ముందు బెంచీలన్నీ తడిశాయి. అందరూ నోళ్లు మూశారు. అప్పుడు చెప్పాను, అగ్నిపర్వతం ఇట్లనే పేలుతుందని. అదే ఇప్పుడు పన్నెండో పేజీలో ఉంది, సార్ పేరు మీద:

"సీసాలోకి గ్యాసు అప్పుడే ఎక్కడి నుంచో రాలేదు. ముందే నీళ్లలో కరిగి ఉంది. మూత బిగించి ఉన్నంతసేపు అణిగి ఉంటుంది. మూత తీయగానే బుడగలై లేస్తుంది, లేస్తూ నీళ్లను కూడా మోసుకొస్తుంది. భూమి లోపల కరిగిన రాయిలో కూడా ఆవిరి, గ్యాసు ఇలాగే కరిగి ఉంటాయి. కరిగిన రాయి చుట్టూ ఉన్న గట్టి రాయి కన్నా తేలిక. అందుకే పగుళ్లు వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. పైకి వచ్చేకొద్దీ మీద బరువు తగ్గుతుంది. బుడగలు పుడతాయి. ఇక ఆగదు."

పిల్లలు రాసిమ్మన్నారు. రూళ్ల నోట్‌బుక్కులో మూడు నెలలు రాశాను. సార్ చూసి "ఇటివ్వు, టైపు చేయిస్తా" అన్నాడు. రెండు చేతులతో ఇచ్చాను.

ఫంక్షన్ అయ్యాక స్టాఫ్ రూముకు పోయాను.

"సార్, పేరు..."

"ఏ పేరయ్యా?"

"బుక్కు మీద. రాసింది నేను గద సార్."

"రాశావు, నేను కాదన్నానా? కానీ ఇంటర్ ఫెయిలైన అటెండర్ రాశాడంటే పేరెంట్స్ ఊరుకుంటారా, చెప్పు? నీ మంచికే. లోపల ల్యాబ్ సిబ్బంది అని వేయించానుగా."

"ఫెయిల్ కాలే సార్. పరీక్షనే రాయలే."

"ఆఁ, అదేలే."

అదేలేనట.

నవంబర్ 15, శనివారం

టెస్ట్ ట్యూబులు కడిగాను. మూడు పగిలాయి. నేను పగలగొట్టలేదు.

నవంబర్ 17, సోమవారం

మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని నా నోట్‌బుక్కునూ అచ్చు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. సార్ మొత్తం పదకొండు మాటలు మార్చాడు. "గుండు" తీసేసి "శిల" పెట్టాడు. "జల్దీ" తీసేసి "త్వరగా". అంతవరకు సరే. కానీ పదిహేనో పేజీలో "జొన్న గట్క" తీసేసి "పాయసం" పెట్టాడు!

నేను రాసింది ఏమిటి? కొన్ని కొండలు నెమ్మదిగా కారతాయి, కొన్ని భళ్లున పేలతాయి, ఎందుకు? కరిగిన రాయి చారులాగా పలచగా ఉంటే బుడగ సులువుగా బయటికి పోతుంది, లావా మెల్లగా పారుతుంది. గట్కలాగా చిక్కగా ఉంటే బుడగ లోపల ఇరుక్కుంటుంది, ఇరుక్కుని ఇరుక్కుని ఒక్కసారి పేలుతుంది. పొయ్యి మీద గట్క ఉడికేటప్పుడు తుప్పుమని ఎగిరి చేతి మీద పడుతుంది కదా, అట్లా. పాయసం ఎక్కడ ఎగురుతుంది? సార్ ఎప్పుడైనా గట్క కలిపాడా? కలపలేదు. అయినా రచయిత ఆయనే.

ఆయా దుర్గమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏంది కొడుకా, నీ బుక్కు నువ్వే సదువుకుంటున్నవా? వేరేటోళ్లు సదువలేరా?"

"నాది కాదంట అవ్వా. సార్‌దట."

"గట్లనా. మరి మొన్న సార్ పొంగిపోయి స్టాఫుకంత మిఠాయి వెట్టిండు. నీకు వెట్టలేదా?"

"పెట్టిండు."

"తిన్నవా?"

తిన్నాను. రెండు తిన్నాను. ఆమె నవ్వుకుంటూ పోయింది.

ఈ రోజు నాలుగు బీలో అనూహ్య రాలేదు. రెండో బెంచీ పిల్ల, ప్రతి బుధవారం పది ప్రశ్నలు అడిగేది. అదే క్లాసు భానుతేజ బస్సులో ఏడుస్తూ వచ్చాడని డ్రైవర్ చెప్పాడు. నాకెందుకు?

నవంబర్ 20, గురువారం

ఇది సరిగ్గా రాయాలి.

పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ విజయమ్మ మేడమ్ రూముకు నీళ్లు తెమ్మన్నారు. లోపల ఒక పెద్దాయన. అనూహ్య తాతగారు, రాజారావుగారట. కోడలు తుర్కపల్లి ల్యాబుల్లో పని చేస్తుంది, పొద్దున్నే కంపెనీ క్యాబ్ ఎక్కి పోతుంది కాబట్టి ఆయన వచ్చాడు. చేతిలో నా పుస్తకం. ఏడో పేజీ దగ్గర వేలు పెట్టుకుని ఉన్నాడు.

"మా మనవరాలు ఆదివారం నుంచి నేల మీద కాలు పెట్టట్లేదండీ. మంచం మీదే తిండి. బాత్రూముకు కూడా ఎత్తుకెళ్లాలి. ఎందుకూ అంటే మా బ్లాకు వెనకాల బోరు వేస్తున్నారు. ఇదిగో, మీ పుస్తకంలో ఏం రాశారో వినండి." కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. "భూమి కింద అంతటా నిప్పుల సముద్రం ఉంది. బోరు లోతుగా వేస్తే నీళ్లు వచ్చినట్టే, ఇంకా లోతుగా వేస్తే నిప్పు వస్తుంది. రంధ్రం దొరికిన చోటల్లా అగ్నిపర్వతం పుడుతుంది."

పుస్తకం మూశాడు. "ఏ చదువుకున్నవాడు రాస్తాడండీ ఇలా?"

ఫణిభూషణ్ సార్ అక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"అది నేను రాసింది కాదండీ. మా ల్యాబ్ అటెండర్ రాసిచ్చాడు. నేను ఊరికే ఎడిట్ చేశాను."

ఆరు రోజులు! ఆరు రోజుల క్రితం నేను రాశానంటే పేరెంట్స్ ఊరుకోరు. ఈ రోజు నేను రాశానంటేనే ఊరుకుంటారు. మొత్తం పుస్తకంలో నా పేరు చెప్పడానికి ఆయనకు దొరికింది ఆ ఒక్క పేజీ.

పుస్తకమంతా నాదేనని నేను అక్కడే చెప్పేవాణ్ని. చేతిలో ట్రే ఉంది. మూడు గ్లాసులు ఉన్నాయి.

తాతగారు పోయాక మేడమ్ అంది, "నువ్వు ఇక పిల్లలతో మాట్లాడొద్దు. ల్యాబ్, స్టోరు రూము, అంతే. క్లాసు గడప తొక్కితే పంపించేస్తాను."

ఏడో పేజీ కరెక్టే. నేను చదివాను.

నవంబర్ 21, శుక్రవారం

పిల్లల దగ్గర నుంచి పుస్తకాలు వెనక్కి తెప్పించారు. కట్టలు కట్టి స్టోరులో పెట్టమన్నారు. నేనే కట్టాను. సుతిలి తాడు బిగిస్తే అట్టలు వంగిపోయాయి. కొంతమంది రంగులు వేశారు. ఒకరు చివరి పేజీలో "అన్నా ఇంకా రాయి" అని రాశారు. పేరు లేదు.

నవంబర్ 22, శనివారం

ఏడో పేజీ కరెక్టే.

నవంబర్ 23, ఆదివారం

నాయిన ఇరవై రెండేళ్లు బోరు బండి మీద పనిచేశాడు. కంప్రెషర్ మోతకు చెవులు పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే మా ఊరు అలియాబాద్ మొత్తం వినాలి. వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు.

"ఏందిరా, వారం సంది మొఖం గట్ల వెట్టుకున్నవ్?"

"బుక్కుల తప్పున్నదట!" అని అరిచాను.

"ఏం తప్పు?"

"భూమి కింద నిప్పుంటదని రాసిన! బోరు మస్తు లోతు పోతే నిప్పొస్తదని!"

నాయిన నవ్వడం నేను చూసి చాలా రోజులైంది. చేట కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఎవడు జెప్పిండ్రా నీకు? తుర్కపల్లి దిక్కు పదిహేను వందల ఫీట్లు దించిన. తెల్ల దుమ్మొచ్చింది, ఎర్ర దుమ్మొచ్చింది. నిప్పొస్తే బీడీ ముట్టించుకుందు గదరా!"

"నువ్వే జెప్పినవ్! చిన్నప్పుడు! కింద జల ఉంటది, లోతు పోతే తన్నుకొస్తదని!"

"జల అన్న. నీళ్లు. గది గూడ అన్ని జాగలల్ల ఉంటదా? ఉంటే మనూర్ల గిన్ని బోర్లు ఎందుకు ఫెయిలైనయ్? కొబ్బరికాయ చేతిల వట్టుకోని పాయింటు సూపెట్టేటోన్ని ఎందుకు పిలుస్తరు? యాడవడితే ఆడ పొడిస్తే వస్తదా?"

ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు భూగోళం పుస్తకం తీశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని మాటకు మాట కూడబలుక్కుంటూ చదివిన పుస్తకం అది. యాభై ఎనిమిదో పేజీ. కాళ్ల కింద ఉన్నది నిప్పుల సముద్రం కాదు. వేల కిలోమీటర్ల మందాన గట్టి రాయి. కాలిపోయేంత వేడిగా ఉన్నా గట్టి రాయే. కొన్ని చోట్ల మాత్రమే, కొంచెం మాత్రమే కరుగుతుంది.

ఆ పేరా కింద పెన్సిల్ గీత ఉంది. పక్కన "గట్టిదే!!" అని నా చేతిరాత. తేదీ కూడా వేశాను, ఆగస్టు 9.

ఏడో పేజీ రాసింది సెప్టెంబర్‌లో.

నాకు తెలుసు. తెలిసీ రాశాను. ముందు ఒక బుధవారం క్లాసులో నోటికొచ్చి బోరు సంగతి చెప్పేశాను. ఒక్కరు కూడా కదల్లేదు. ముప్పై ఆరుమంది కళ్లు ఇంతింత చేసుకుని నన్నే చూశారు. నా బతుకులో నన్ను అట్లా ఎవరూ చూడలేదు. గట్టి రాయి అని రాస్తే చూస్తారా? అందుకని బోరునే ఉంచేశాను. ఫణిభూషణ్ సార్ నా పుస్తకం దొంగిలించాడు. కానీ ఏడో పేజీలో ఆయన ఒక్క మాట కూడా ముట్టలేదు.

నవంబర్ 25, మంగళవారం

స్కూలు అయ్యాక రాజారావుగారి కాలనీకి పోయాను. బ్లాకు వెనక బోరు బండి ఇంకా ఉంది. గుంత పక్కన బూడిద రంగు దుమ్ము కుప్ప. ఒక గుప్పెడు కవర్లో పోసుకున్నాను.

ఆయన తలుపు తీసి నన్ను గుర్తుపట్టాడు.

"ఆ రోజు నీళ్లు తెచ్చింది నువ్వే కదూ?"

"అవును సార్. ఆ పేజీ రాసింది కూడ నేనే. తప్పు రాసిన. పాపకు చెప్పిపోతా."

"నువ్వేనా! ఎదురుగా నిలబడి ఉన్నావు కదయ్యా. ఒక్క మాట అనలేదేం?"

ట్రే సంగతి చెప్పలేదు.

ఆయన పక్కకు జరిగాడు. అనూహ్య కిటికీ పక్క మంచం మీద, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, మీరు నేల మీద నిలబడ్డారు" అంది భయంగా.

"నిలబడ్డ. నేను చెప్పింది తప్పు పాపా. కింద నిప్పుల సముద్రం లేదు. గట్టి రాయి ఉంది. మస్తు వేడి, కానీ గట్టిది."

"అంత వేడైతే కరగాలి కదా?"

"కరగాలంటే ఉబ్బాలె. మీద ఎన్నో కిలోమీటర్ల రాయి కూర్చుని తొక్కుతుంటే ఎట్ల ఉబ్బుతది?"

ఆలోచించింది. "మరి అగ్నిపర్వతంలోది ఎక్కడ కరిగింది?"

"భూమి పైపెంకు పెద్దపెద్ద ముక్కలు. రెండు ముక్కలు విడిపోయే చోట కింది వేడి రాయి పైకి లేస్తది, మీద బరువు తగ్గుతది, అప్పుడు కరుగుతది. ఇంకోచోట ఒక ముక్క ఇంకోదాని కిందికి దూరుతది. పోతూ పోతూ సముద్రం నీళ్లు కూడ తీసుకపోతది. ఆ నీళ్లు తగిలితే వేడి రాయి తక్కువ వేడికే కరుగుతది. ఇంకా కొన్ని చోట్ల బాగా లోపలి నుంచి మరీ వేడి రాయి లేస్తది. గంతే. అండమాన్ దిక్కు ఒక దీవి ఉంది, మన దేశంల ఇప్పటికీ మండేది అదొక్కటే."

"ఇక్కడ?"

"ఇక్కడి రాయి రెండువందల యాభై కోట్ల ఏండ్ల కింద చల్లారింది. మీ బోరు అర కిలోమీటరు కూడ పోదు. ఏదీ, పట్టు."

కవరు ఇచ్చాను. వేలు పెట్టి వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది.

"తాతగారూ, చల్లగా ఉంది."

"ఆ గుంత చుట్టూ కుప్ప చూసినవా?" కిటికీలోంచి చూపించాను. "అగ్నిపర్వతం కొండ కూడ గట్లనే పుడతది. ముందే కొండ ఉండి దానికి రంధ్రం పడదు. ముందు రంధ్రం, తర్వాత అందులోంచి ఎగిరిన బూడిద, పారిన లావా పొర మీద పొర పడి కొండ అయితది. బోరుకూ దానికీ అంతవరకే పోలిక. నేను ఎక్కువ చెప్పిన."

"ఎందుకు చెప్పారు?"

"మీరందరూ మంచిగ విన్నరని."

రాజారావుగారు గొంతు సవరించుకున్నాడు.

"మరి పుస్తకం మీద ఫణి సార్ పేరుంది?"

"తప్పు నాది."

"మిగతాది?"

"అది కూడ నాదే."

ఒక కాలు కిందికి దించింది. చెప్పు వేసుకుని మరీ దించింది. రెండోది మంచం మీదే ఉంచుకుంది.

"భానుతేజ వాళ్ల పక్కింట్లో కూడా బోరు వేస్తున్నారు. వాడికి చెప్పారా? నాలుగు బీలో అందరికీ చెప్పారా?"

చెప్పలేదు. చెప్పనివ్వరని ఆ పిల్లకు ఎట్లా చెప్పాలి?

నవంబర్ 26, బుధవారం

మేడమ్‌ను ఒక్క పీరియడ్ అడిగాను.

"నీకు ఏం చెప్పాను దేవేందర్?"

"పాఠం చెప్పను మేడమ్. నేను రాసిన తప్పు ఒక్కటి చెప్పి వస్త."

"ఫణి సార్ చెప్పేశారు. ఇక వదిలెయ్."

ఏం చెప్పాడో దుర్గమ్మను అడిగాను. ఆమె అప్పుడు వరండాలో ఊడుస్తోంది.

"ఏమున్నది, గదంత అబద్ధం, అటెండర్ రాసిండు, భయపడకుండ్రి అన్నడు. ఇగ లెక్కల బుక్కు తీయమన్నడు."

అంతా అబద్ధమట. మధ్యాహ్నం నల్లా దగ్గర భానుతేజ నీళ్ల సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, సోడా కూడా అబద్ధమేనా?"

వరండాలో మేడమ్ నిలబడి ఉంది. నేను వాడి సీసా మీద నల్లా తిప్పాను. వాడు సీసా నింపుకుని పోయాడు.

ఒక్క పేజీ తప్పయితే ఇరవై మూడు పేజీలు చంపేశారు. కానీ చంపింది పిల్లల వరకే. ఆఫీసులో ప్రెస్సు ప్రూఫులు చూశాను, రెండో ముద్రణ. సైన్స్ ఫెయిర్‌లో పెడతారట. ఏడో పేజీ లేదు. రచన ఫణిభూషణ్. పాయసం అట్లనే ఉంది.

నవంబర్ 27, గురువారం

రాజీనామా రాశాను. చింపేశాను. వాళ్లకు కావాల్సింది అదే.

నవంబర్ 28, శుక్రవారం

మూడుసార్లు కొట్టేసి రాశాను. ఇదే ఫైనల్. ఒక కాపీ ఇక్కడ ఉంచుకుంటున్నాను. రేపు పొద్దున ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోవాలి.

"ప్రిన్సిపాల్ మేడమ్‌కు, ఫణిభూషణ్ సార్‌కు,

'భూమి కడుపులో మంట' అనే పుస్తకం నేను రాశాను. నోట్‌బుక్కు నా దగ్గర ఉంది. మీరు దాని మీద సార్ పేరు వేశారు. అందులో తప్పు బయటపడ్డ రోజు మాత్రం నా పేరు చెప్పారు.

తప్పు ఉన్న మాట నిజం. ఏడో పేజీ తప్పు. అది పొరపాటున రాలేదు. నాకు తెలిసీ, పిల్లలు వింటున్నారనే ఆశతో రాశాను. ఒక పిల్ల పది రోజులు మంచం దిగలేదు. దానికి బాధ్యుణ్ని నేను, సార్ కాదు. ఆ రోజు మీ రూములో నిలబడి ఈ మాట చెప్పకపోవడం కూడా నా తప్పే.

కానీ మిగతా ఇరవై మూడు పేజీలు నిజం. అంతా అబద్ధమని పిల్లలకు చెప్పడం నేను చేసిన తప్పు కన్నా పెద్ద తప్పు. నేను ఒక పేజీలో భయపెట్టాను. మీరు నిజాన్నే నమ్మకుండా చేశారు.

నాకు ఉద్యోగంలో ప్రమోషన్ వద్దు, క్షమాపణ వద్దు. నాలుగు బీలో ఒక్క పీరియడ్ కావాలి, నలభై నిమిషాలు. ఏది తప్పో, ఎందుకు తప్పో, ఏది నిజమో ముప్పై ఆరుమందికీ నేనే చెప్తాను. సార్ కూడా వెనక బెంచీలో కూర్చోవచ్చు. రెండో ముద్రణలో ఏడో పేజీ తీసేయకూడదు. సరిచేసిన పేజీ దీనితో జతచేశాను. పాత పేజీలో ఏం తప్పు ఉండేదో అందులోనే రాశాను, దాని కింద నా పేరు ఉండాలి. పుస్తకం అట్ట మీద కూడా నా పేరే ఉండాలి. తప్పుకు ఒక పేరు, ఒప్పుకు ఒక పేరు కుదరదు.

ఒప్పుకోకపోతే నన్ను తీసేయండి. బస్సులు ఆగే గేటు బయట రోడ్డు మీద నిలబడి, తల్లిదండ్రుల ముందే ఒక్కొక్కరికీ చెప్తాను. అక్కడ నిలబడడానికి మీ అనుమతి అక్కర్లేదు.

జవాబు నోటితో వద్దు. కాగితం మీద, ఇద్దరి సంతకాలతో, డిసెంబర్ 3 బుధవారం సాయంత్రం నాలుగు గంటల లోపు నా చేతికి ఇవ్వండి.

దేవేందర్,
ల్యాబ్ అటెండర్"